కామేశ్వరి ఆంటీ సాయంత్రాలు

నోయిడాలో మేముండే సెక్టారు మార్కెట్టు ముందు చలికాలం మొదలవగానే ఒక తోపుడుబండి వచ్చి నిలబడుతుంది. బొగ్గుల మీద చిలగడదుంపలు కాలుతుంటాయి. ఇక్కడివాళ్ళు శకర్‌కందీ అంటారు. తొక్క మాడుతున్న వాసన, లోపలి తీపి వేడెక్కిన వాసన, మీద నిమ్మకాయ పిండి నల్ల ఉప్పు చల్లగానే లేచే ఘాటు, మూడూ కలిసి పొగమంచులో ముక్కుకు తగులుతాయి. మొన్న కూరలకని వెళ్ళి ఆ బండి దగ్గర ఆగిపోయాను. దొన్నె చేతిలోకి తీసుకుని మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందనుకున్నాడో ఏమో, "మిర్చీ జ్యాదా హో గయీ క్యా దీదీ?" అని అడిగాడు బండి అతను. కాదన్నాను. కామేశ్వరి ఆంటీ గుర్తొచ్చారని అతనికేం చెబుతాను? మీకైతే చెప్పొచ్చు. ఆవిణ్ణి మీరెవరూ చూసి ఉండరు. చూసినా తిరిగి చూసేంత ప్రత్యేకంగా ఏమీ ఉండేవారు కాదు. పొట్టిగా, కాస్త బొద్దుగా, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నేతచీరలో, భుజానికి ఒక నల్ల సంచీతో ఉండేవారు. ఆ రోజుల్లో సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో పొద్దున్నే చార్టర్డ్ బస్సు కోసం అలాంటి ఆడవాళ్ళు బ్లాకుకి పదిమంది నిలబడేవారు.

రెండు వేల మూడులోనో నాలుగులోనో, డిగ్రీ అయిపోగానే సివిల్స్ రాస్తానని ఒంగోలు నుంచి ఢిల్లీ వచ్చాను. మెట్రో కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజులవి. సరోజినీ నగర్ పక్కనే ఒక పంజాబీ కుటుంబం మేడ మీద గది తీసుకున్నాను. చదవకుండా గడిచిన ప్రతి నిమిషం నాన్నని మోసం చేసినట్టే అనిపించేది. వంట పేరుతో బియ్యం, పప్పు కుక్కర్లో పడేసి, ఆ కుక్కర్లోనే ఇంత పచ్చడి కలుపుకుని, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని నిలబడే తినేదాన్ని. తలకి నూనె రాసి ఎన్నాళ్ళయిందో గుర్తుండేది కాదు. మా వైపు చలి అంటే దుప్పటి కప్పుకునేంతే కాబట్టి, ఢిల్లీ చలికి ఒళ్ళు ఎలా పగులుతుందో నాకు తెలియదు. మడమలు చీలి నెత్తురు వచ్చేది. పెదవులు పగిలి నవ్వితే మండేది. నవ్వే సందర్భాలు పెద్దగా లేవు కనుక దాన్నీ పట్టించుకోలేదు. నిజం చెప్పొద్దూ, అదంతా ఒక తపస్సు అనుకుని లోలోపల కొంచెం గర్వపడేదాన్ని కూడా.

ఢిల్లీలో మనవాళ్ళంటూ ఒకరుండాలి కదా అని, నాన్న తన స్నేహితుణ్ణి అడిగి ఒక చిరునామా పంపించారు. అది కామేశ్వరి ఆంటీ ఇల్లు. విజయనగరం వాళ్ళు. ఆవిడ ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. వెళ్ళక తప్పదని ఒక ఆదివారం వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆవిడ నా మొహం కంటే ముందు కాళ్ళు చూశారు. "ఏటమ్మా ఆ కాళ్ళు? ఒంగోలు నుంచి నడిచొచ్చావేటి?" అన్నారు. లోపలికి తీసుకెళ్ళి కుర్చీ చూపించి, గోరువెచ్చటి నీళ్ళ బకెట్టు తెచ్చి ముందు పెట్టారు. పెద్దావిడ నా కోసం నీళ్ళు మోసుకొస్తుంటే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నేను కడగను. నీ కాళ్ళు నువ్వే కడుక్కో. అలా నానబెట్టుకుని కూర్చో, అన్నం వడ్డిస్తాను" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆవనూనె గిన్నె ఇచ్చారు. అదీ నేనే రాసుకోవాలి. ఎవరి ఒంటి పని వాళ్ళే చేసుకోవాలన్నది ఆవిడ పట్టుదల. చేసుకోలేని మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉన్నందుకే ఆ పట్టుదల వచ్చిందని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

ముందుగదిలో కిటికీ పక్కన మంచం. ఆ మంచం మీద ఆంటీ భర్త మూర్తి గారు. కొన్నేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం కదిలేది. మనం చెప్పేదంతా అర్థమయ్యేది. అవునంటే వేలు ఎత్తేవారు, కాదంటే కళ్ళు మూసుకునేవారు. పిల్లలు లేరు. పగలంతా కమలా దీదీ అని ఒక ఆయా చూసుకునేది. ఆంటీ ఆఫీసు నుంచి రాగానే ఆమె తన ఇంటికి వెళ్ళిపోయేది. ఆ రోజు అన్నం తిన్నాక ఆంటీ నన్ను అడిగారు. "సాయంత్రాలు ఒక గంట ఈయన దగ్గర కూర్చోగలవా పద్మా? పుస్తకాలు తెచ్చుకో. ఈయనేం అల్లరి చెయ్యరు." మూర్తి గారు వేలు ఎత్తారు, అల్లరి చెయ్యనని. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇదివరకు కూర్చునే పక్క బ్లాకు అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయిందట. కూరలకో, మందులకో వెళ్ళాలి కాబోలు అనుకుని సరేనన్నాను.

ఆ గంటకి ఒక పద్ధతి ఉండేది. ఆంటీ బస్సు దిగి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, మూర్తి గారికి పాలు పట్టి, దుప్పటి సరిచేసేవారు. తరువాత వంటింట్లో కూర్చుని తనకోసం టీ పెట్టుకుని తాగేవారు. నిలబడి కాదు, కూర్చుని. చీర మార్చుకుని, జడ విప్పి మళ్ళీ వేసుకుని, మంచం ముందుకొచ్చి నిలబడి, "వెళ్ళొస్తానండీ" అనేవారు. మూర్తి గారు ఎడమ చెయ్యి ఎత్తేవారు. అది చూశాకే చెప్పులేసుకునేవారు. ఆయన నిద్రపోతుంటే లేచేదాకా ఆగేవారు. నాకు చోద్యంగా ఉండేది. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడే దారిలో ఆ పనులేవో చూసుకుని, కాస్త ఆలస్యంగా వస్తే సరిపోతుంది కదా అని ఒకసారి అన్నాను. "అలా చేస్తే దొంగిలించినట్టుంటుందే. నా గంట నేను దొంగిలించుకోవడం ఏటి? ఇంటికొచ్చి, ఆయనకి కనబడి, చెప్పి వెళ్తాను" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కూరలూ ఉండేవి కావు, మందులూ ఉండేవి కావు. రాగానే నాకు అన్నం పెట్టేవారు. కంచంలో, కూర ఒకవైపు, పప్పు ఒకవైపు, చివర పెరుగు. తనకీ అలాగే. గిన్నెలో మిగిలిన కూరలో అన్నం కలుపుకు తినెయ్యడం ఆ ఇంట్లో నిషేధం. నా గదిలో నేనలాగే తింటానని తెలిసిన రోజున ఒక స్టీలు కంచం చేతికిచ్చి పంపారు. "నీకు నువ్వు వడ్డించుకోవడం నేర్చుకో. చుట్టాలొస్తే గిన్నెలో పెట్టి ఇస్తావేటి?" అన్నారు.

ఆవిడ ఎక్కడికి వెళ్తారో ఒకసారి చూశాను. ఆ సాయంత్రం కమలా దీదీ కాసేపు ఎక్కువ ఉంటానంటే, ఆంటీ నన్ను కూడా రమ్మన్నారు. ముందు మార్కెట్టు వైపు నడిచాం. వరసగా వేలాడుతున్న స్వెట్టర్లని, కోట్లని ఆవిడ ఒక్కొక్కటే చేత్తో తడిమి చూశారు, ఏదీ కొనలేదు. బండి దగ్గర చిలగడదుంపలు కొనిపెట్టారు. తరువాత క్వార్టర్ల మధ్య పార్కులో ఒక బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ ఒక పంజాబీ ఆవిడ స్వెట్టరు అల్లుకుంటూ ఆంటీ కోసం చోటు ఉంచింది. ఇద్దరూ బ్లాకులో ఎవరి కుక్క ఎవరి పూలమొక్కలు తొక్కిందో చెప్పుకుని నవ్వుకున్నారు. అంతే. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఈపాటికి ఒక అధ్యాయం అయిపోయేది కదా అని లెక్కలేసుకుంటున్నాను. పంజాబీ ఆవిడ లేచి వెళ్ళాక ఉండబట్టలేక, "ఇంతేనా ఆంటీ?" అని అడిగాను.

"ఇంతే. ఇంకేటి ఉండాలి?"

"కాదు, రోజూ ఇందుకోసమేనా అని."

ఆవిడకి కోపం రాలేదు. శాలువా సరిచేసుకుని చెప్పడం మొదలుపెట్టారు. మూర్తి గారు పడిపోయిన కొత్తలో ఆవిడ ఆఫీసుకి తప్ప గడప దాటలేదట. ఆఫీసు నుంచి పరుగున వచ్చేవారు. తల దువ్వుకునే తీరిక లేదు. అన్నం ఆయన తినగా మిగిలిందేదో. నిద్ర అంతంత మాత్రం. బ్లాకులో తెలుగువాళ్ళంతా అందరి ముందూ మెచ్చుకునేవారు. "ఆ మెచ్చుకోలు విని విని, నేనేదో పెద్ద మనిషిననుకున్నాను" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వు వెంటనే పోయింది. "ఒకరోజు ఈయనకి జావ పడుతున్నాను. మింగరు. పెదవి పక్కనుంచి కారిపోతోంది. తుడుస్తున్నాను, పెడుతున్నాను, కారిపోతోంది. చెంచా గట్టిగా పెట్టీసేను పద్మా. కావాలనే గట్టిగా పెట్టేను. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. ఆయన నన్ను చూసి భయపడ్డారు. పారిపోలేని మనిషి భయపడితే ఎలా ఉంటుందో తెలుసా నీకు? కళ్ళల్లోనే వెనక్కి జరుగుతాడు."

పార్కులో దీపాలు వెలిగాయి. "మర్నాడు ఆయన ముందు నిలబడి చెప్పేను. నేను రోజూ ఒక గంట బయటికి వెళ్తానండీ, లేకపోతే నేను మంచిదాన్ని కానండీ అని. ఆయన చెయ్యెత్తారు. అప్పటినుంచి వెళ్తున్నాను. వాన పడినా వెళ్తాను. ఒంట్లో హుషారు ఉన్నరోజూ వెళ్తాను, లేనిరోజూ వెళ్తాను. ఇవాళ బానే ఉన్నాను కదా అని మానేస్తే, బాగాలేని రోజు ఎప్పుడొచ్చిందో నాకు తెలీకుండానే వచ్చేస్తుంది." చెప్పేసి లేచారు. దారిలో మళ్ళీ స్వెట్టర్లు తడుముతూ నడిచారు. ఆ రాత్రి నేను నా గదిలో కంచం పెట్టుకుని, కూర్చుని అన్నం తిన్నాను. అంత మాత్రానికే ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అప్పటిదాకా నా మీద నాకే జాలి లేదని ఆ పూట తెలిసినట్టుంది.

మరుసటి చలికాలం మూర్తి గారి అక్కగారు సావిత్రమ్మ గారు విజయనగరం నుంచి వచ్చారు. తమ్ముడంటే ప్రాణం. ఉన్నన్నాళ్ళూ ఆయన అరికాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాస్తూ కూర్చునేవారు. ఆంటీ మొదటి సాయంత్రం "వెళ్ళొస్తానండీ" అంటే, గుడికేమో అనుకుని, "నా పేరున కూడా అర్చన చేయించు కామేశ్వరీ" అన్నారు. "గుడికి కాదు వదినా, ఊరికే అలా పార్కుకి" అన్నారు ఆంటీ. సావిత్రమ్మ గారి మొహం మాడిపోయింది. తలుపు మూసుకోగానే నన్ను పట్టుకున్నారు. "మొగుడు మంచాన పడుంటే ఆడదానికి షికారేటమ్మా? మీ ఢిల్లీలో ఇంతేనా?" నేను ఢిల్లీదాన్ని ఎప్పుడయ్యానో నాకు తెలియదు. బ్లాకులో మిగతా తెలుగువాళ్ళు కూడా ఆ మాటే, కాస్త చక్కెర అద్ది అనేవారు. గుడికి వెళ్తే ఎంతసేపైనా ఎవరూ నోరెత్తరు. సాయంత్రం భజనకి వెళ్ళే ఆడవాళ్ళ ఇళ్ళల్లో మొగుళ్ళే అన్నం వండుకునేవారు. అది పుణ్యం. బెంచీ మీద కూర్చోవడం మాత్రం షికారు.

నాకు తెలివైన ఉపాయం తోచింది. "గుడికని చెప్పెయ్యండి ఆంటీ. పార్కు పక్కనే ఉంది కదా గుడి. ఒకసారి దండం పెట్టుకుని వస్తే అబద్ధం కూడా కాదు" అన్నాను. ఆవిడ నన్ను కాస్త జాలిగా చూశారు. "దేవుడి కోసం వెళ్ళాలనిపిస్తే దేవుడి కోసమే వెళ్తాను. నా కోసం వెళ్ళేదానికి ఆయన్ని అడ్డం పెట్టుకోవడం ఎందుకు? ఇవాళ గుడి అంటాను. రేపు గ్రహణమని గుడి మూసేస్తే ఏటి చెప్పాలి? ఒంట్లో బాలేదనా? నా మట్టుకు నేను బాగుండడానికి వెళ్తున్నానని చెప్పడంలో సిగ్గేటి ఉంది?" సావిత్రమ్మ గారు ఉన్నన్నాళ్ళూ రోజూ అదే సమయానికి, అదే మాట చెప్పి వెళ్ళారు. వదినగారు మొహం తిప్పుకునేవారు. మూర్తి గారు చెయ్యెత్తేవారు, ఆ రోజుల్లో మామూలుకన్నా కాస్త పైకి.

ఆయన పోయింది కూడా అలాంటి ఒక సాయంత్రమే. నేను రెండోసారి పరీక్ష రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. ఆంటీ "వెళ్ళొస్తానండీ" అన్నారు, ఆయన చెయ్యెత్తారు, తలుపు మూసుకుంది. తెలుగు పేపరు ఢిల్లీకి ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఆ పాత వార్తలే ఆయనకి ఇష్టం. విజయనగరం వార్తలు వెతికి చదివేదాన్ని. ఆ రోజు ఏదో వంతెన పని ఆగిపోయిందని చదివి, "తర్వాతది చదవనా అంకుల్?" అని అడిగాను. వేలు లేవలేదు. నిద్రపోయారేమో అనుకుని కాసేపు ఆగాను. పేపరు మడిచి మొహంలోకి చూశాను. ఆ తరువాత పై క్వార్టర్లో డాక్టరు గారి తలుపు కొట్టడం, ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని చూసి మెల్లగా కింద పెట్టడం గుర్తున్నాయి. డాక్టరు గారి భార్యని ఇంట్లో కూర్చోబెట్టి నేను పార్కుకి పరుగెత్తాను.

ఆంటీ బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ, పంజాబీ ఆవిడ ఏదో అంటే పకపకా నవ్వుతున్నారు. నన్ను చూశారు. ఆ వేళప్పుడు నేను అక్కడ ఉండకూడదు. నవ్వు ఆగిపోయింది. చేతిలోని గింజలు పక్కావిడ చేతిలో పోసి లేచారు. "పోయారా?" అని అడిగారు. తల ఊపాను. ఆవిడ పరుగెత్తలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఇంటిదాకా నడిచారు. ఆ చేతివేళ్ళ గుర్తులు చాలాసేపు ఉన్నాయి.

మర్నాటికి సావిత్రమ్మ గారు కొడుకుతో సహా వచ్చారు. ఆ కొడుకే కర్మ చెయ్యాలి. ఇల్లంతా జనం. అక్కగారు తమ్ముడి తల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చి, ఆంటీ వైపు తిరిగారు. "ఆఖరి నిమిషంలో నోట్లో తులసితీర్థమైనా పోసేవా కామేశ్వరీ? దగ్గరైనా ఉన్నావా?" అని అడిగారు. ఆఫీసులో పని మీద ఆలస్యమై ఉంటుందనో, పాపం గుడికి వెళ్ళి ఉంటారనో గుమ్మం దగ్గర ఎవరో మెల్లగా అందించారు. మంచి మనసుతోనే అన్నారు. అందరూ ఆ మాట పట్టుకుని వదిలేద్దామనే చూస్తున్నారు. ఆంటీ తల ఎత్తారు.

"లేను వదినా. గుడికి వెళ్ళలేదు, పార్కులో ఉన్నాను. రోజూ వెళ్ళినట్టే వెళ్ళేను." వదినగారి మొహంలోకే చూస్తూ అన్నారు. "నీళ్ళు పట్టడం నాకు తెలీని పనేటి? ఇన్నేళ్ళూ చెంచా చెంచా పట్టింది నేనే కదా. నిన్న పొద్దున్నా పట్టేను, ఆఫీసు నుంచి వచ్చి పాలు కూడా పట్టేను. అదే ఆఖరిదని నాకు తెలీలేదు, అంతే."

పెద్దవాళ్ళ మధ్య నేను మాట్లాడకూడదని తెలుసు. అయినా అన్నాను. "ఆంటీ వెళ్ళొస్తానంటే అంకుల్ చెయ్యెత్తారండీ. నేను చూశాను." సావిత్రమ్మ గారు నా వైపు చూశారు. తరువాత తమ్ముడి ఎడమ చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకున్నారు. ఇంకేమీ అడగలేదు. క్షమించారో లేదో నాకు తెలియదు.

కర్మలయ్యాయి. వచ్చినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ఆంటీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టారని కమలా దీదీ చెప్పింది. నాకు ఆ ఇంటికి వెళ్ళాల్సిన పనేమీ లేదు. కానీ సాయంత్రమయ్యేసరికి కాళ్ళు అటే నడిచాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల దీపం లేదు. మంచం తీసేసిన చోట గోడ మీద తల ఆనిన మరక అలాగే ఉంది. ఆంటీ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చీర కట్టుకున్నారు, జడ వేసుకున్నారు, చెప్పులు కూడా వేసుకున్నారు.

"వెళ్ళలేదా ఆంటీ?"

"వెళ్దామనే లేచేను. ఇదిగో, ఇంతదాకా వచ్చేక, ఎవరికి చెప్పి వెళ్ళాలో తెలీలేదు." చాలా చిన్న గొంతుతో, "ఆ గంట నేను ఇంట్లో ఉంటే ఏమయ్యేదో పద్మా. వదిన అన్నదాంట్లో తప్పేముంది? ఇన్నాళ్ళూ నోరు పెట్టుకుని గెలిచేననుకున్నాను. ఇప్పుడు ఎవరూ ఏమీ అనటం లేదు, నేనే వెళ్ళలేకపోతున్నాను" అన్నారు.

అంత గట్టి మనిషి నోట ఆ మాట విని నాకు చాలా భయం వేసింది. ఆవిడ ఆ కుర్చీలోనే ఉండిపోతారని భయం. ఒకరోజు వెళ్ళకపోతే రెండోరోజు వెళ్ళరు. ఆ తరువాత జడ వేసుకోరు. ఆ తరువాత గిన్నెలోనే తినేస్తారు. ఆ దారి ఎటు పోతుందో నాకు బాగా తెలుసు, నేను వచ్చిందే అటునుంచి. ఓదార్చడం నాకు చేతకాదు. దీపం వేసి, మంచం ఉండే చోట చాప పరుచుకుని, సంచీలోంచి పుస్తకం తీసి కూర్చున్నాను.

"నాకు చెప్పి వెళ్ళండి" అన్నాను.

"నువ్వు ఎవరికి కాపలా కూర్చుంటావే ఇక్కడ?"

"ఎవరికీ కాదు. మీరొచ్చేసరికి ఇంట్లో దీపం ఉంటుంది, మనిషి ఉంటుంది."

ఆవిడ లేచారు. కుర్చీ వెనక పట్టుకుని నిలబడి, మూర్తి గారి మంచం ఉన్న వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "వెళ్ళొస్తానే మరి" అన్నారు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగారు. తరువాత మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. ఆ ఖాళీ ఇంట్లో నేను ఒక్క వాక్యం కూడా చదవలేదు. ఆవిడ తిరిగొచ్చేదాకా చెవులు మెట్ల మీదే పెట్టుకుని కూర్చున్నాను. వచ్చారు. చలికి ముక్కు ఎర్రబడింది. "ఆ కుక్క మళ్ళీ మొక్కలు తొక్కేసిందట" అని చెప్పి, రెండు కంచాలు పెట్టారు. కొన్నాళ్ళు అలా రోజూ కూర్చున్నాను. తరువాత ఒకరోజు ఆవిడే, ఇక అక్కర్లేదు, నీ చదువు నువ్వు చూసుకో అన్నారు. రిటైరయ్యాక విజయనగరం వెళ్ళిపోయారు. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా ముందు నా కాళ్ళ సంగతి అడిగేవారు, తరువాతే మిగతావి. కొన్నేళ్ళ కింద ఆవిడా పోయారు.

నేను ఐఏఎస్ కాలేదు. నోయిడాలో ఒక పుస్తకాల ఆఫీసులో ఎడిటర్నయ్యాను. పెళ్ళి, ఒక పాప, ఇప్పుడు మాతోనే ఉంటున్న అత్తయ్య. అత్తయ్యకి మతిమరుపు జబ్బు. ఒక్కోరోజు నన్ను గుర్తుపడతారు, ఒక్కోరోజు తన చిన్ననాటి పక్కింటి అమ్మాయిననుకుంటారు. సాయంత్రం ఒక గంట నేను కూడా బయటికి వెళ్తాను. అపార్ట్‌మెంట్ చుట్టూ నడుస్తాను, బెంచీ మీద కూర్చుంటాను. ఎవరడిగినా, ఊరికే వెళ్తున్నానని చెబుతాను. యోగా అనో, డాక్టరు నడవమన్నారనో చెప్పను. అంతవరకు సులువుగానే నేర్చుకున్నాను.

పోయిన నెలలో నేను బయట ఉన్న సమయంలోనే అత్తయ్య బాత్రూంలో జారిపడ్డారు. ఆయా పక్కనే ఉంది, పట్టుకునేలోపే పడిపోయారట. చెయ్యి విరిగింది. మా ఆయన ఫోన్ చేసి "ఎక్కడున్నావ్?" అంటే, "పార్కులో" అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. హాస్పిటల్లో కట్టు కట్టించుకుని ఇంటికి తెచ్చాం. ఆయన అనని మాటలన్నీ నాకు నేనే అనుకున్నాను. మర్నాడు సాయంత్రం చెప్పులేసుకున్నాను, కాలు కదలలేదు. అన్నీ తెలిసినదాన్ని అనుకుంటూ ఇన్నేళ్ళు తిరిగాను. ఆ ఖాళీ ఇంటి గడప దాటడానికి కామేశ్వరి ఆంటీకి ఎంత బలం కావలసి వచ్చిందో నాకు ఆ పూట తెలిసింది. ఆయా చెబుతూనే ఉంది, "మై హూఁ నా దీదీ, ఆప్ జాయియే" అని, నేనున్నాను కదా, మీరు వెళ్ళండని. ఆ అమ్మాయి కళ్ళు కూడా ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. నేను మానేస్తే, తప్పు తనదేనని అనుకుంటుంది. నేను మానేస్తే, కొన్నాళ్ళకి ఈ విరిగిన చేతిని నేనే కాస్త గట్టిగా పట్టుకుంటాను.

అత్తయ్య మంచం ముందుకు వెళ్ళి నిలబడ్డాను. "వెళ్ళొస్తానత్తయ్యా" అన్నాను. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నన్ను తేరిపార చూశారు. నేనెవరో తెలియలేదని తెలుస్తూనే ఉంది.

"బయట చలిగా ఉంటుంది. స్వెట్టరేసుకుని వెళ్ళమ్మాయ్" అన్నారు.

వేసుకుని వెళ్ళాను.